గీజర్ నాబ్ తగ్గిస్తే కరెంట్ బిల్లు తగ్గుద్దా?

కూకట్‌పల్లి నుంచి ఒక మేడమ్ అడిగారు: "అక్టోబర్‌లో 185 యూనిట్లు కాలాయి, డిసెంబర్‌లో 230. బిల్లు ఏకంగా ఐదొందలు పెరిగింది. ఇంట్లో నలుగురం, 25 లీటర్ల పాత గీజర్. మా ఆయనేమో 12 వేలు పెట్టి ఫైవ్ స్టార్‌ది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకుందాం అంటున్నారు, నేనేమో థర్మోస్టాట్ తగ్గిస్తే సరిపోద్ది అంటున్నా. ఎవరి మాట కరెక్ట్?"

మేడమ్, గీజర్ కొనకండి, అంతవరకు మీ మాటే నెగ్గింది. కానీ థర్మోస్టాట్ నాబ్ (నీళ్లు ఎంత వేడెక్కాక ఆగాలో పెట్టేది) ఒక్కటే తిప్పి కూర్చుంటే కూడా పనవ్వదు.

ముందు ఆ రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. 45 యూనిట్లకి ఐదొందలంటే యూనిట్‌కి పదకొండు రూపాయలు పడినట్టు, అంత రేటు మన తెలంగాణ ఇళ్ల టారిఫ్‌లో ఏ శ్లాబులోనూ లేదు. మరి ఎక్కడ పోయాయంటే, నెలకి 100 దాటి 200 లోపు ఉన్నంతవరకు మొదటి వందకి 3.40, తర్వాతి వందకి 4.80 వేస్తారు, 200కి 820 రూపాయలు. 201 అయిందో, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోయి ఆ 200కీ 5.10 చొప్పున, పైదానికి 7.70, మొత్తం 1,028 దాకా. ఒక్క యూనిట్‌కి 208 రూపాయలన్నమాట! ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఇంకా కలపలేదు నేను. తెల్ల కార్డుండి గృహజ్యోతి వచ్చేవాళ్లకైతే ఇంకా పెద్ద దెబ్బ, 200 దాటిన నెల జీరో బిల్లు పోయి మొత్తం కట్టాలి.

కాబట్టి మీకు కావాల్సింది నెలకి 31 యూనిట్లు తగ్గడం, అంటే రోజుకి ఒకటికి కొంచెం పైన. 199 దగ్గర ఆగితే 430 పైనే మిగులుద్ది.

ఇప్పుడు గీజర్ సంగతి. 860 లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక యూనిట్ కాలుద్ది, ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. పొద్దున్నే టెర్రస్ మీద ట్యాంకులోంచి 20 డిగ్రీల నీళ్లు దిగుతున్నాయనుకోండి, స్నానానికి 40 చాలు, 20 లీటర్ల బకెట్‌కి అర యూనిట్ కూడా పట్టదు. అదే షవర్ కింద ఎనిమిది నిమిషాలు నిలబడితే ఈజీగా 60 లీటర్లు, ఒకటిన్నర యూనిట్‌కి దగ్గర. ఇంట్లో షవర్ బ్యాచ్ ఎవరో మీకు తెలిసే ఉంటుంది (మా ఇంట్లో ఇంటర్ చదివేవాడు), ఆ ఒక్కరు ఈ మూడు నెలలు బకెట్‌కి వస్తే రోజుకి దాదాపు ఒక యూనిట్ అక్కడే దొరికింది.

రెండోది ఎవరూ పట్టించుకోనిది. ఆఖరి వాళ్లు స్నానం చేసేటప్పుడు కూడా స్విచ్ ఆన్‌లోనే ఉంటే, వాళ్లు వాడిన కొద్దీ ట్యాంకులోకి చల్లనీళ్లు వస్తుంటాయి, వాళ్లు తల తుడుచుకుని బయటికొచ్చాక గీజర్ ఆ 25 లీటర్లనీ మళ్లీ మొదట్నుంచి కాస్తుంటుంది, ఎవరికోసమో దానికే తెలీదు. 65కి పెట్టుంటే ఆ ట్యాంకు ఖరీదు 1.3 యూనిట్లు, పాత గీజర్ కాబట్టి మర్నాటికి అందులో చాలావరకు గోడకీ గాలికీ పోయినట్టే. ఆఖరి మనిషి బాత్రూంలోకి వెళ్లేముందే స్విచ్ కట్టేయండి, లోపలున్న వేడినీళ్లు ఒక బకెట్‌కి హాయిగా వస్తాయి.

థర్మోస్టాట్ ఈ రెండింటి తర్వాతే. ఫుల్‌లో పెడితే తొందరగా కాగుతాయనుకుంటారు, అదేం లేదు, 2 కిలోవాట్ల ఎలిమెంట్ (లోపల నీళ్లు కాచే రాడ్) 50కి పెట్టినా 75కి పెట్టినా అంతే స్పీడుగా కాస్తుంది, కాకపోతే 75 దాకా ఆగదు. ఆ వేడిలో మీరు చన్నీళ్లు కలుపుకోవాల్సిందే. ఎంత ఎక్కువ వేడుంటే ట్యాంకులోంచి అంత ఎక్కువ బయటికి పోద్ది. నలుగురూ వరసగా చేస్తారు కాబట్టి మీకు 55 దగ్గర కరెక్ట్, మరీ 40కి దించకండి, గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుద్ది, అప్పుడప్పుడు 60 దాకా ఒకసారి కాగనివ్వాలి. నాబ్ బయట లేకపోతే కవర్ మీరు ఊడదీయొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ ఆఫ్ చేసి చేయించండి, బోరు నీళ్లయితే ఎలిమెంట్ మీద పేరుకున్న తెల్లటి పెచ్చు కూడా అప్పుడే తీయించేయండి, లేకపోతే ఎలిమెంట్ మాడిపోద్ది.

మీవారికి చెప్పాల్సింది ఒకటుంది. ఫైవ్ స్టార్ అంటే ట్యాంకులోంచి వేడి తక్కువ బయటికి పోద్ది అని మాత్రమే, బకెట్ నీళ్లు కాగడానికి పట్టే కరెంట్ ఏ స్టార్‌కైనా అంతే. పోనీ ఆ 430 మొత్తం కొత్త గీజరే మిగిల్చిందనుకున్నా ఏడాదికి నాలుగు నెలలు, 12 వేలు తిరిగి రావడానికి ఏడేళ్లు. ఎండాకాలం ఏసీ వేశాక 200 ఎలాగూ దాటుద్ది, అక్కడ ఈ లెక్క పనిచేయదు. నో కాస్ట్ అన్నా కార్డు మీద వడ్డీకి 18 శాతం జీఎస్టీ మీ దగ్గరే తీసుకుంటారు, కొన్ని బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా వేస్తాయి.

బిల్లు కొట్టిన రోజు రీడింగ్ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. సరిగ్గా ఇరవై రోజులకి మళ్లీ కిందకి దిగి మీటర్ చూడండి, తేడా 130 లోపుంటే సేఫ్. 140 దాటుంటే మిగిలిన పది రోజులు షవర్ వాల్వ్ కట్టేసి బకెట్ ఒక్కటే బాత్రూంలో ఉంచండి, పిల్లల అలకల సంగతి మీవారు చూసుకుంటారు.