కౌంటీ కమిటీలో చేరిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలూ,

నిన్ను కౌంటీ సలహా కమిటీలో వేశారని ఫోన్‌లో చెప్పగానే మీ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. మన తెలుగువాళ్ళం కౌంటీ మీటింగుకి వెళ్ళామంటే పక్క స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టొద్దని గొడవ చేయడానికే. మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నాడని తెలిస్తే సంబంధాలు రావని భయం. మేమూ మా వాడి, అంటే మీ అన్నయ్య సంగతి ఆరేళ్ళు దాచాం.

ఇప్పుడున్న ఎంసీఓతోనే, అంటే కౌంటీలో మానసిక వైద్యానికి డబ్బూ ఒప్పందాలూ చూసే ప్రాంతీయ సంస్థతోనే ఉండాలా, ఇంకోదానికి మారాలా అని కమిషనర్లు అడిగితే ఏం చూసి చెప్పాలన్నావు. ఫోన్‌లో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

కాస్త పాత కథ తెలిస్తే నీకు మీటింగులో మాటలు అర్థమవుతాయి. నార్త్ కరోలినాలో ఒకప్పుడు మెంటల్ హెల్త్ ఆఫీసులోనే డాక్టరూ కౌన్సెలరూ ఉండేవాళ్ళు. 2001 చట్టం తర్వాత ఆ పద్ధతి పోయింది. వైద్యం ప్రైవేటు ప్రొవైడర్ల చేతికి వెళ్ళింది, డబ్బు లెక్కలూ ఒప్పందాలూ ప్రాంతీయ సంస్థలకు మిగిలాయి. 2005లో కబారస్, యూనియన్, రోవన్, స్టాన్లీ, డేవిడ్‌సన్ కౌంటీలతో ఒక పైలట్ మొదలుపెట్టి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్ డబ్బు కూడా ఆ సంస్థకే అప్పగించారు. అదే పెరిగి పెరిగి కార్డినల్ అనే పేరుతో 20 కౌంటీలకు విస్తరించింది. 2017లో దాని పెద్ద అధికారి జీతాన్ని, ఖర్చులను రాష్ట్ర ఆడిటర్ తప్పుపట్టారు. ఆ నవంబరులో రాష్ట్ర ఆరోగ్యశాఖ ఆ సంస్థ పాలనను తన చేతిలోకి తీసుకుంది. 2021 వచ్చేసరికి కౌంటీలు ఒక్కొక్కటిగా బయటికి నడిచాయి. మెక్లెన్‌బర్గ్ అలయన్స్ అనే ఇంకో సంస్థకి వెళ్ళింది, కబారస్, యూనియన్ పార్ట్‌నర్స్‌కి వెళ్ళాయి, రోవన్ వాయాని ఎంచుకుంది. 2022 మొదలయ్యేసరికి కార్డినల్ అన్న పేరే లేదు. ఇప్పుడు రాష్ట్రంలోని 100 కౌంటీలకు మిగిలినవి నాలుగే: అలయన్స్, పార్ట్‌నర్స్, ట్రిలియం, వాయా.

‘ప్రాంతీయం’ అనే మాట చూసి ఇరుగుపొరుగు కౌంటీలనుకోకు. అలయన్స్ ప్రధాన కార్యాలయం మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మోరిస్‌విల్‌లో ఉంది. మెక్లెన్‌బర్గ్ దాన్ని ఎంచుకున్నప్పుడు మధ్యలో ఎన్నో కౌంటీలు వేరే సంస్థల కింద ఉండేవి. ఆఫీసు దూరంగా ఉందని నువ్వు కంగారుపడనక్కర్లేదు. మీ కౌంటీలో కూర్చుని, పైవాళ్ళని అడక్కుండా నిర్ణయం చెప్పగల మనిషి ఎవరైనా ఉంటారా అన్నది అడుగు.

ఇక ఆ సంస్థలవాళ్ళు నీకు స్లైడ్లు చూపిస్తారు, నవ్వుతున్న కుటుంబాల ఫొటోలతో. అవి పెళ్ళిచూపుల్లాంటివే, అబ్బాయి ఆ పూట ఎలాగూ బుద్ధిగానే కూర్చుంటాడు. వాళ్ళ మాటలు విను, కానీ అభిప్రాయం అక్కడే ఏర్పరచుకోకు. ఆ సంస్థ కింద ఇప్పటికే ఉన్న కౌంటీల షెరీఫ్ ఆఫీసుకీ, ఆసుపత్రి ఎమర్జెన్సీ నర్సులకీ ఫోన్ చెయ్యి. శుక్రవారం రాత్రి పదకొండుకి ఒక మనిషిని తీసుకొస్తే మొబైల్ క్రైసిస్ టీమ్ ఎంతసేపట్లో వస్తుంది, బెడ్ దొరికేవరకు ఎన్ని గంటలు కుర్చీలో కూర్చోబెట్టాల్సి వస్తోంది అని అడుగు. సోషల్ సర్వీసెస్ వాళ్ళనీ వదలకు. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఫోస్టర్ కేర్ పిల్లలకు చోటు దొరక్క ఆఫీసులోనే పడుకోబెట్టాల్సి వచ్చిందంటే ఆ సంస్థ సంగతి నీకు చాలావరకు తెలిసిపోయినట్టే. చిన్న క్లినిక్కులవాళ్ళని బిల్లులు ఎన్ని రోజులకి వస్తున్నాయని అడుగు. డబ్బు ఆలస్యమైతే ముందు మూతపడేవి అవే, మన భాషో హిందీయో వచ్చిన కౌన్సెలర్ ఉంటే అలాంటి చోటే ఉంటుంది.

డబ్బు విషయంలో ఒక్కటే చెప్తాను. మెడికెయిడ్ వేరు, ఇన్సూరెన్స్ లేనివాళ్ళ కోసం రాష్ట్రం ఇచ్చేది వేరు, మీ కౌంటీ తన పన్నుల్లోంచి ఇచ్చేది వేరు. ఆ మూడోది మీ కౌంటీలోనే ఖర్చవుతుందని ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది మారే రోజు గురించి. మా కౌంటీ మారినప్పుడు నేను కుటుంబాల కమిటీలో ఉన్నాను. ఆ సంస్థల్లో ప్రతిదానికీ రోగులూ కుటుంబసభ్యులూ ఉండే ఇలాంటి కమిటీ ఒకటి ఉంటుంది, సీఎఫ్ఏసీ అంటారు. మారాలని గట్టిగా వాదించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అన్నయ్యకి నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఆ నెల 19 రోజులు ఆలస్యమైంది. క్లినిక్‌కి కొత్త సంస్థతో ఒప్పందం సంతకం కాలేదట, పాత ఆథరైజేషన్, అంటే వైద్యానికి ముందే ఇచ్చిన అనుమతి, కొత్త కంప్యూటర్లో లేదట. ఎవర్ని అడిగినా ఇంకొకరి నంబర్ ఇచ్చారు. ఇరవయ్యో రోజు వచ్చేసరికి వాడు మా ఇద్దరితో మాట్లాడటం మానేసి, కిటికీలకు దుప్పట్లు కట్టుకున్నాడు. ఓటు పడిన రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనున్నానని ఆ రాత్రంతా నిద్రపట్టలేదు.

అప్పుడు మారింది మానసిక వైద్యం ఒక్కటే. 2024 జూలై 1 నుంచి, తీవ్రమైన మానసిక జబ్బుల్లాంటివి ఉన్నవాళ్ళ కోసం మెడికెయిడ్‌లో టైలర్డ్ ప్లాన్లు వచ్చాయి కదా, ఆ ప్లాన్‌లో ఉన్నవాళ్ళకి ఒంటి జబ్బులూ మందుల షాపూ కూడా ఆ సంస్థ కిందికే వచ్చాయి. అంటే ఈసారి మారితే మెంటల్ హెల్త్ క్లినిక్‌తో పాటు షుగర్ డాక్టరూ మారొచ్చు. అందుకే కమిషనర్లకి నువ్వు చెప్పే సలహాలో ‘ఏ సంస్థ’ అన్నదానికి ఒక పేజీ ఇస్తే, ‘మారే మూడు నెలలు’ అన్నదానికి మూడు పేజీలు ఇవ్వు. ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళు, మత్తు అలవాటుకి మెథడోన్ మందు మీద ఉన్నవాళ్ళు, గ్రూప్ హోముల్లో ఉన్నవాళ్ళ జాబితా ముందే తయారవ్వాలి. ప్రతి ఒక్కరికీ పేరున్న ఒక కేర్ మేనేజర్ ఉండాలి. పాత ఆథరైజేషన్లు ఎన్ని రోజులు చెల్లుతాయో తేదీతో సహా రాయించు. ‘అంతరాయం లేకుండా చూస్తాం’ అని రాసి ఇస్తే ఒప్పుకోకు.

చివరి మాట కౌంటీది కాదని కూడా గుర్తుపెట్టుకో. రాష్ట్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి ఆమోదం ఉండాలి. కమిషనర్లు మధ్యలో విసుక్కుంటారు, ఎన్నికలొస్తే సభ్యులే మారిపోతారు. అడిగిన ప్రశ్నా వచ్చిన జవాబూ తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో రాసుకో, తర్వాత వచ్చేవాళ్ళకి అదే దొరుకుతుంది.

అన్నయ్య ఇప్పుడు బాగానే ఉన్నాడు. నువ్వు కమిటీలో చేరావని చెబితే, మీటింగులో కాఫీ ఇస్తారా అని అడిగాడు. మారే ప్లాను డ్రాఫ్టు చేతికి రాగానే ప్రింటు తీసి నాకు పంపు. ఫోన్‌లో చదవలేను, అక్షరాలు చిన్నగా ఉంటాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న