జిల్లా కేంద్రం తరలిపోతే ఊరికి నష్టమా? మా సిద్ధవటం సంగతి వినండి

జిల్లా కేంద్రం హోదా పోతే ఊరికి నిజంగా నష్టమా, లేక అది ప్రతిష్ఠ కోసం పడే గొడవేనా అని అడిగారు. నష్టమే. మాది సిద్ధవటం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

1808లో కడప జిల్లా ఏర్పడినప్పుడు కేంద్రం మా ఊరే. 1812లో కడపకు మార్చారు. నాలుగేళ్ల ముచ్చటేగా అని తీసిపారేస్తారు చాలామంది. కానీ ఈ ప్రాంతాన్ని ఏలిన మట్లి రాజులు కట్టించిన రాతికోట అంతకు ఎంతో ముందునుంచీ ఇక్కడ ఉంది. 1779లో హైదర్ అలీ దండెత్తి వస్తే కడప నవాబు తలదాచుకున్నది ఈ కోటలోనే.

ఊరు పెన్నకు ఉత్తరపు గట్టున ఉంది. రైలు మాత్రం దక్షిణపు గట్టున భాకరాపేట మీదుగా వెళ్లిపోయింది. కలెక్టరు ఇక్కడే ఉండి ఉంటే పట్టాలు ఏరు దాటి వచ్చేవే. ఈ మాట మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాత పొలం కాగితం కోసం నన్ను వెంటబెట్టుకుని కడప బయలుదేరాడు. ముందు రాత్రి ఎగువన వాన పడింది. ఏటి నిండా ఎర్రనీళ్లు. కాగితాలను ఎరువుల సంచి ముక్కలో చుట్టి తలపాగాలో దోపుకుని, మధ్యాహ్నం దాకా గట్టునే కూర్చున్నాడు. నీళ్లు తగ్గాక నన్ను భుజానికెత్తుకుని దాటాడు. మేము చేరేసరికి గుమాస్తా బీరువాకు తాళం వేస్తున్నాడు. "ఏరు దాటి వచ్చామయ్యా" అన్నాడు తాత. "రేపు రండి" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయాడాయన. ఆ రాత్రి బస్టాండులో పడుకున్నాం. "ఒకప్పుడు కడపవాళ్లే అర్జీలు పట్టుకుని మన ఊరికి ఏరు దాటి వచ్చేవాళ్లురా" అన్నాడు తాత, చీకట్లో.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఒంటిమిట్ట రాములవారి దర్శనానికి వచ్చేవాళ్లు ఏరు దాటి మా కోట దాకా రారు. వచ్చిన కొందరేమో రాళ్ల మీద తమ పేర్లు చెక్కి పోతారు. దక్షిణ కాశి అని పేరున్న ఊరు, పెన్న ఇసుకలో పండే దోసపండ్లకు పేరుపడ్డ ఊరు ఇది.

పొలం కాగితం మూడో ప్రయాణంలో చేతికి వచ్చింది. అప్పటికి విత్తనాల అదును దాటిపోయింది.