మీ నాన్న అరికాళ్ళకి ఆ జెల్ ఇక చాలు

బుజ్జీ,

రాత్రి నువ్వు పంపిన ఫోటో పొద్దున కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్దది చేసి మరీ చదివాను. స్టూలు మీద నాలుగు ట్యూబులు, రెండు చివరిదాకా చుట్టి పిండేసినవి. "పెద్దమ్మా, వీటిల్లో నాన్న కాళ్ళ మంటకి ఏది బాగా పనిచేస్తుంది" అని అడిగావు. ఏదీ చేయదే తల్లీ. నాలుగింట్లోనూ ఉన్న అసలు మందు ఒకటే, డైక్లోఫెనాక్. పేర్లు వేరు, డబ్బాల రంగులు వేరు, ఒకదాంట్లో మెంథాల్ ఘాటు ఎక్కువ, అంతే. మీ అన్న అమెరికా నుంచి తెచ్చింది కూడా అదే. అక్కడ 2020 దాకా దాన్ని డాక్టరు చీటీ లేకుండా ఇచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడు ఊరికే అమ్ముతున్నా డబ్బా మీద ఆర్థరైటిస్ నొప్పికి అనే రాసి ఉంటుంది, నరాలకి అని ఉండదు.

మీ నాన్నని ఏమీ అనకు. మెడికల్ షాపు అబ్బాయినీ పూర్తిగా అనలేం. చిక్కంతా మన మాటలోనే ఉంది. సెలైన్ పెట్టడానికి చేతికి దొరకనిదీ నరమే, పొద్దున్నే మెడ తిరగకపోతే నరం పట్టేసిందంటాం, రాత్రి పిక్క గట్టిపడితే నరం గుంజిందంటాం, అసలు నరం, అంటే కాలి నుంచి వెన్నుపాము మీదుగా మెదడుకి కబురు మోసేది, అదీ నరమే. ముప్పై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా పనిచేశాను, "నరాల నొప్పి సిస్టర్" అని వచ్చినవాళ్ళలో ఎంతోమందికి అసలు నరంతో సంబంధమే ఉండేది కాదు, కండరమో కీలో పట్టేసి ఉండేది. అలాంటివాళ్ళకి జెల్ రాస్తే తగ్గేది. తగ్గినవాళ్ళు పక్కింటికి చెప్పేవాళ్ళు, నరాల నొప్పికి ఇది రామబాణం అని. మీ నాన్న వాకింగ్‌లో విన్నది కూడా అదే అయ్యుంటుంది.

జెల్ చేసే పని ఏమిటంటే, దెబ్బ తగిలినచోటో అరిగిన కీలులోనో ప్రోస్టాగ్లాండిన్లు అనేవి తయారవుతాయి, వాపూ నొప్పీ పెంచేవి అవే, డైక్లోఫెనాక్ వాటి తయారీని ఆపుతుంది. మోకాలు, వేళ్ళ కణుపులు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి పైనుంచి రాసినా మందు అందుతుంది. షుగర్ వల్ల వచ్చే అరికాళ్ళ మంట అలాంటిది కాదు. అక్కడ వాపు లేదు, నరమే చెడింది. కాలింగ్ బెల్ వైరు షార్ట్ అయ్యి గుమ్మంలో ఎవరూ లేకుండానే మోగుతుంటే, గుమ్మం కడిగి ఏం లాభం చెప్పు.

నాకెలా తెలుసంటావా, నర్సునై ఉండి నేనూ అదే తప్పు చేశాను. నాలుగేళ్ళ కింద కుడి పక్కటెముకల మీద సర్పి లేచింది కదా, నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నీ పరీక్షలు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మాత్రలు మొదలుపెట్టాలని నలుగురికీ చెప్పే మనిషిని, ఉక్కపోతకి చెమటకాయలు పేలాయిలే అనుకుని ఐదో రోజు వెళ్ళాను. పొక్కులు మానాయి, మంట మాత్రం ఉండిపోయింది. జాకెట్టు అంచు తగిలినా ప్రాణం పోయేది. మూడు ట్యూబుల జెల్ రాశాను. మెంథాల్ చల్లదనం పది నిమిషాలు ఉండేది, ఆ పది నిమిషాలు చూసి పనిచేస్తోందని నన్ను నేనే నమ్మించుకున్నాను. చివరికి న్యూరాలజిస్టు రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశాడు. అది డిప్రెషన్ మందు కదా, నీకేమైందని మీ పెదనాన్న ఒకటే గోల. నోరు ఎండిపోయేది, పొద్దున మబ్బుగా ఉండేది, కానీ మూడో వారానికి నిద్రపట్టింది.

కాబట్టి ముందు చేయాల్సింది నొప్పి ఏ రకమో తేల్చుకోవడం. మీ నాన్నని కూర్చోబెట్టి అడుగు. నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గుతుందా, ఒకచోట వేలు పెట్టి చూపించగలరా, అక్కడ వాపుందా, అయితే అది కీలుదో కండరానిదో. అలా కాకుండా మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, ఉన్నట్టుండి కరెంటు కొట్టినట్టు, రాత్రి పడుకుంటే ఎక్కువ, దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం, రెండు కాళ్ళకీ సాక్సు తొడిగినంత మేర ఉండటం, ఇవన్నీ నరం మాటలు. నువ్వు ఫోన్లో చెప్పిన దాన్నిబట్టి ఆయనది రెండోదే. మోకాళ్ళ నొప్పి కూడా ఉందన్నావు, అది వేరే, దాన్నీ దీన్నీ కలపకు.

మోకాళ్ళకైతే జెల్ రాసుకోనివ్వు. కానీ శనగగింజంత తీసి రాస్తే ఏమీ కాదు. అమెరికా ట్యూబుతో ఒక కొలత కార్డు వచ్చి ఉంటుంది, డబ్బాలో వెతుకు. మోకాలికి ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకి నాలుగుసార్లు అని ఉంటుంది. అంటే మన 30 గ్రాముల ట్యూబు ఒక్క మోకాలికి రెండు రోజులు కూడా రాదు! రాశాక గట్టిగా కట్టు కట్టొద్దు, పైన వేడినీళ్ళ కాపడం పెట్టొద్దు, పుండు మీద రాయొద్దు, చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకోవద్దు. ముఖ్యంగా, జెల్ రాస్తూనే మళ్ళీ నొప్పి మాత్ర వేసుకోవద్దు. మాత్రతో పోలిస్తే జెల్ నుంచి రక్తంలోకి వెళ్ళేది బాగా తక్కువ, నూటికి ఆరు వంతులంటారు, కానీ అసలు వెళ్ళదని కాదు. ఆయనకి షుగర్‌తో పాటు బీపీ మాత్రలు కూడా ఉన్నాయి, కిడ్నీ సంగతి చూసుకోవాలి. క్రియాటినిన్ ఎప్పుడు చేయించారు? రాబందులు దాదాపు అంతరించిపోయే దాకా ఎలా వచ్చాయో చదివావు కదా, ఈ మందే, పశువులకి ఇస్తే ఆ కళేబరాలు తిన్న పక్షులకి కిడ్నీలు పోయాయి, 2006లో పశువైద్యంలో దాన్ని ఆపేశారు. మీ నాన్నని భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆయన పక్షి కాదు. కానీ "పైకి రాసేదే కదా" అనే ధీమా వద్దు.

అరికాళ్ళ సంగతి డాక్టరుకి చూపించు. కూకట్‌పల్లి నుంచి నిమ్స్ దాకా రాలేమంటే దగ్గర్లో ఉన్న షుగర్ డాక్టరైనా చాలు మొదట. సన్నటి నైలాన్ పోగుతో పాదం మీద గుచ్చి చూస్తారు, కంపించే ఫోర్కు బొటనవేలికి ఆనిస్తారు, పది నిమిషాల పని. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీతో పాటు బీ12 విటమిన్ కూడా చూడమని నువ్వే అడుగు, ఎందుకంటే ఆయన ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, దానివల్ల బీ12 తగ్గి ఇదే మంట రావచ్చు. అది తక్కువుంటే సరిచేయగలిగింది. మందులంటే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, నేను వాడిన అమిట్రిప్టిలిన్, వీటిల్లో ఏదో ఒకటి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. నా దగ్గర మిగిలిన మాత్రలు మాత్రం అడగకు, ఆయనకి ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది, అవి వేసుకుంటే ఒంటికి వెళ్ళడం కష్టమవుతుంది.

పైకి రాసేదే కావాలని మొండికేస్తే నరాలకి పనికొచ్చేవీ ఉన్నాయి. లిడోకైన్ 5 శాతం ప్యాచ్, పన్నెండు గంటలు ఉంచి పన్నెండు గంటలు తీసేయాలి, సర్పి తర్వాత మంటకి మంచిది. ఇంకోటి కాప్సైసిన్ క్రీము. అంటే మన గుంటూరు మిరపకాయలో కారమే! ఆ కారం నరాల్లో ఎక్కడ తగులుతుందో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. మొదటి వారం ఇంకా మండుతుంది, రోజుకి మూడు నాలుగుసార్లు కొన్ని వారాలు రాస్తేగానీ తేడా తెలియదు, మీ నాన్నకి అంత ఓపిక ఉందో లేదో నువ్వే చూడు. గ్లౌజు వేసుకుని రాయాలి, ఒకసారి నేను మర్చిపోయి కన్ను నలుపుకున్నాను, ఆ సాయంత్రం మీ పెదనాన్నే వంట చేశారు. మొద్దుబారిన పాదం మీద డాక్టరుని అడగకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టకండి.

అసలు నాకు టెన్షన్ జెల్ గురించి కాదు. స్పర్శ తగ్గిన కాళ్ళతో ఆయన చిలుకూరు వెళ్ళి ఎండలో ఉత్త కాళ్ళతో నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానంటున్నారట, మీ అమ్మ చెప్పింది. కాలితే తెలియదే ఆయనకి! బొబ్బ లేచి పుండయితే షుగర్ మనిషికి అది మానడం ఎంత కష్టమో నేను చూశాను. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పుడు, అదీ సాక్సు వేసుకుని తిరగమను, బాలాజీ ఏమీ అనుకోడు. మంటకి వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టడం ఈరోజే ఆపించు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు నువ్వు లైటు వేసి చూడు, ఆయన వంగి చూసుకోలేరు.

నడుం నుంచి కాలికి గుంజుడు మొదలై పాదం ఎత్తలేకపోయినా, మూత్రం తెలియకుండా పోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా ట్యూబులూ వద్దు, నాకు ఫోనూ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.

బీ12 రిపోర్టు వచ్చాక ఫోటో తీసి పెట్టు, ఈసారి నీడ పడకుండా తియ్యి. ఆ స్టూలు మీద ట్యూబుల్లో మిగిలింది ఉంటే ఆదివారం వచ్చేటప్పుడు పట్టుకురా, నా బొటనవేలి కణుపుకి రాసుకుంటాను.

పెద్దమ్మ
విద్యానగర్