ఎత్తు ప్రకారమా, మార్కుల ప్రకారమా? ముందు మోచేతులు చూడండి

కొత్తగా టీచరుగా చేరారట, 9వ తరగతికి సీటింగ్ ప్లాన్ వేయాలట, పిల్లల్ని ఎత్తు ప్రకారం కూర్చోబెట్టాలా, మార్కుల ప్రకారమా అని అడిగారు. రెండూ కాదండీ. ప్రకాశం జిల్లా జడ్పీ హైస్కూళ్లలో 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నేను చూసినంతలో ఏ క్లాసులోనైనా సీట్లు నిర్ణయించేది టీచరు కాదు, ఫ్యాను.

నేనూ మీలాగే మొదట్లో ఉత్సాహపడ్డాను. గ్రాఫ్ కాగితం మీద గళ్లు గీసి, బాగా చదివేవాడి పక్కన చదవనివాణ్ణి జతచేసి, స్కెచ్ పెన్నులతో రంగులేసి గోడకి అంటించాను. జూన్ నెల. గదిలో రెండు ఫ్యాన్లుంటే వెనకది తిరగదు. మొదటి పీరియడ్ అయ్యేలోగా వెనక కూర్చున్న పన్నెండు మంది "సార్, బోర్డు కనబడట్లేదు" అంటూ ముందుకొచ్చేశారు. ఒక్క పూటలో అంతమందికి చూపు ఎలా మందగించిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆ చార్టు మాత్రం తనిఖీకొచ్చిన ఒకాయనకి తెగ నచ్చింది. ఫోటో కూడా తీసుకున్నారు. పిల్లలు అందులో ఉన్నట్టు కూర్చున్నారా లేదా అని తల తిప్పి చూడలేదు.

అసలు సంగతికొస్తాను. నాలుగేళ్ల క్రితం నా 9వ తరగతిలో 46 మంది. ప్రభుత్వ బళ్లు బాగుచేసిన నాడు-నేడు పథకంలో వచ్చిన డ్యూయల్ డెస్కులు, అంటే ఇద్దరేసి కూర్చునేవి, 23, నాలుగు వరసలు. మూడో వరసలో ఒకే డెస్కులో ఒక పొడుగాడు, ఒక బక్కోడు. పేర్లెందుకులెండి. మంచి స్నేహితులు, మధ్యాహ్న భోజనంలో ఒకడి గుడ్డు ఇంకొకడు తినేంత స్నేహం. కానీ నోట్సు రాయమంటే చాలు, యుద్ధం. "సార్ తోస్తన్నాడు", "సార్ వాడే ముందు తోశాడు". ఒక రోజు బక్కోడు కంపాస్ ముల్లుతో పొడుగాడి చేతిమీద గుచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాణ్ణి వరండాలో నిలబెట్టి, తెల్లారి వాళ్ల నాన్నని రమ్మన్నాను. ఆయన చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో పని. ఆ రోజు కూలి వదులుకుని వచ్చాడు. నా ముందే కొడుకు వీపు మీద రెండు వేసి, "మీరు ఏం చేసినా నేను అడగను సార్" అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

వారం తర్వాత యూనిట్ టెస్టు. నాకు మోకాలు నొప్పిగా ఉండి, తిరగకుండా, ఆ రోజు రానివాళ్ల డెస్కు వెనక ఖాళీగా ఉంటే అందులో కూలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే పిల్లల మొహాలు కాదు, మోచేతులు కనిపిస్తాయి. పొడుగాడు ఎడమవైపు కూర్చుని కుడిచేత్తో రాస్తున్నాడు. బక్కోడు కుడివైపు కూర్చుని, వాడిది పుర్రచెయ్యి కదా, ఎడమచేత్తో రాస్తున్నాడు. ఇద్దరి మోచేతులూ డెస్కు మధ్యలో పొట్టేళ్లలా కుమ్ముకుంటున్నాయి. అంతే! ఇన్ని నెలల గొడవ అదే. వాళ్లిద్దర్నీ అటువాణ్ణి ఇటు, ఇటువాణ్ణి అటు మార్చాను. మళ్లీ ఫిర్యాదు రాలేదు. బక్కోడు అన్ని నెలలూ నా కళ్లెదుటే ఎడమచేత్తో రాశాడు. నేను వాడి మార్కులు చూశాను గానీ చెయ్యి చూడలేదు.

ఆ తండ్రికి ఫోన్ చేసి, తప్పు మీవాడిది కాదయ్యా, నాది అని చెబుదామనుకున్నాను. ఇంతలో హెచ్ఎం గారు కేకేశారు, పైకి పంపాల్సిన బడి మరుగుదొడ్ల ఫోటో యాప్‌లో ఎక్కట్లేదని. ఆ ఫోన్ ఇంకా చేయలేదు.

అందుకే ఇప్పుడు మొదటి వారం ఎవరికిష్టమైన చోట వాళ్లని కూర్చోనిస్తాను. వెనక నిలబడి చూస్తాను, పెన్సిల్‌తో డైరీలో రాసుకుంటాను. పుర్రచెయ్యివాళ్లకి డెస్కులో ఎడమవైపు సీటు. చూపు, వినికిడి నిజంగా తక్కువున్నవాళ్లు ముందు. పొడుగువాళ్లు వెనక్కి కాదు, గోడల పక్కకి. వెనకబెంచీకి పంపితే వాళ్లు ఆ బెంచీకి తగ్గట్టే తయారవుతారు. కిటికీ ఎడమవైపుంటే కుడిచేత్తో రాసేవాళ్ల చేతి నీడ పుస్తకం మీద పడదని పెద్దవాళ్లు గదులు అలా కట్టించారు, మంచిదే. కానీ ఆ కిటికీ తూర్పుకుంటే పొద్దుటి ఎండ అందులోంచి బోర్డు మీద పడి కుడివైపు వరసల కళ్లలోకి మెరుస్తుంది. ఆ మూల కూర్చుని మీరే ఒకసారి చూడండి. ఇక చూపు, వినికిడి తక్కువున్నవాళ్లూ పొడుగువాళ్లూ తప్ప మిగతావాళ్లంతా ప్రతి సోమవారం ఒక్కో వరస పక్కకి, ఒక్కో డెస్కు వెనక్కి జరుగుతారు. ఫ్యాను గాలి అందరికీ వంతులవారీగా.

మార్కుల ప్రకారం కూర్చోబెట్టడం గురించి నన్ను అడక్కండి, బీపీ పెరుగుతుంది. ర్యాంకుల వారీగా సెక్షన్లు చేసే ప్రైవేటు బళ్ల జబ్బు అది, మనకి అంటించుకోకండి. "మావాణ్ణి ఫస్ట్ బెంచీలో వేయండి మేష్టారూ" అని ఫోన్లు వస్తాయి, ముఖ్యంగా ఊరి పెద్దల నుంచి. "సోమవారం వస్తాడండీ" అనండి. వస్తాడు కూడా, వంతు వచ్చినప్పుడు.

ఇప్పుడు కొత్తగా డెస్కులు మూడు గోడల వెంట గుర్రపు నాడా ఆకారంలో వేయమంటున్నారు. కేరళలో 2025లో ఒక మలయాళ సినిమా చూసి కొన్ని బళ్లలో మొదలెట్టారు, తమిళనాడులో వాళ్ల 'ప' (ப) అక్షరం ఆకారంలో అన్నారు. ఇరవై మంది ఉంటే బాగుంటుందేమో. నా గది 24 అడుగులు, 20 అడుగులు. మూడు గోడలూ కలిపి 68. డెస్కు మూడున్నర అడుగులు. తలుపు, మూలలు, బోర్డు ముందు నేను నిలబడే జాగా పోతే పదిహేను డెస్కులు పట్టడమే గగనం. మిగతా ఎనిమిది డెస్కులు ఎక్కడ పెట్టను, నా నెత్తి మీదా? పైగా పక్కగోడల వాళ్లు రోజంతా మెడ తిప్పుకునే ఉండాలి.

మీ గదిలో ఫ్యాన్లెన్ని తిరుగుతాయో, కిటికీ ఎటువైపో, ఎంతమంది పిల్లలో రాయండి. అప్పుడు ఇంకొంచెం చెప్పగలను.