ఓవర్‌లోడింగ్ గురించి బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

"జావాలో ఓవర్‌లోడింగ్ డెఫినిషన్ వచ్చేసింది బాబాయ్, కానీ ఏ మెథడ్ నడుస్తుందో మాత్రం అర్థం కావట్లేదు" అన్నావు నిన్న. ఫోన్‌లో చెబితే నిలవదని రాస్తున్నాను. ఓవర్‌లోడింగ్ అంటే ఒకే పేరుతో, వేర్వేరు విలువలు తీసుకునే మెథడ్లు (పని చేసే కోడ్ ముక్కలు) చాలా ఉండటం.

మన "పెట్టు" అనే మాట తీసుకో. ముగ్గు పెట్టు, పేరు పెట్టు, బొట్టు పెట్టు. క్రియ ఒక్కటే, ముందున్న మాటను బట్టి పని మారుతుంది. అయినా ఎవరూ తికమకపడరు. తెర మీద రాయించడానికి నువ్వు రోజూ వాడే ప్రింట్‌ఎల్ఎన్ కూడా అంతే. ప్రింట్‌స్ట్రీమ్ క్లాసులో ఆ పేరుతో 10 మెథడ్లున్నాయి: ఇంట్‌కి (పూర్ణాంకం) ఒకటి, చార్‌కి (ఒక్క అక్షరం) ఒకటి, స్ట్రింగ్‌కి (అక్షరాల వరుస) ఒకటి, ఏమీ ఇవ్వకపోతే ఇంకొకటి.

ఏది పిలవాలో తేల్చేది కంపైలర్, అంటే నీ కోడ్‌ను నడవకముందే అనువదించే ప్రోగ్రాం. నువ్విచ్చినవి ఎన్ని, ఏ టైపువి, ఏ వరుసలో ఉన్నాయని చూస్తుంది. రిటర్న్ టైపు (మెథడ్ తిరిగిచ్చే విలువ టైపు) లెక్కలోకి రాదు. అది ఒక్కటే మార్చి అదే మెథడ్ మళ్లీ రాస్తే ఎర్రర్ ఇస్తుంది.

నీ చిక్కంతా ఇక్కడుందని నా అనుమానం: ఈ నిర్ణయం ప్రోగ్రాం నడవకముందే అయిపోతుంది. ఏ ఆబ్జెక్టైనా పట్టే ఆబ్జెక్ట్ టైపు వేరియబుల్‌లో స్ట్రింగ్ దాచి పంపితే, స్ట్రింగ్ మెథడ్ పక్కనే ఉన్నా ఆబ్జెక్ట్ మెథడే నడుస్తుంది. కంపైలర్ చూసేది డబ్బా మీది చీటీని, లోపలి సరుకును కాదు.

ఒకసారి నేనూ బాగా దెబ్బతిన్నాను. సీట్ల నంబర్లు ఒక ఇంటీజర్ లిస్టులో ఉన్నాయి: 4, 2, 1. ఒకటో నంబరు సీటు తీసేయాలని రిమూవ్‌కి 1 ఇచ్చాను. ఎర్రర్ రాలేదు, కానీ 2 పోయింది! రిమూవ్‌లు రెండు. ఒకటి ఇంట్ తీసుకుని ఆ స్థానంలో ఉన్నదాన్ని తీసేస్తుంది, రెండోది ఆబ్జెక్ట్ తీసుకుని ఆ విలువను వెతికి తీసేస్తుంది. లెక్క సున్నా నుంచి కాబట్టి 1వ స్థానంలో ఉన్నది 2. 1ని ఇంటీజర్ డాట్ వేల్యూఆఫ్‌తో ఆబ్జెక్ట్‌గా చుట్టి పంపితే సరిపోయింది. ఆ ఒక్క లైను దొరకడానికి రెండు రోజులు పట్టింది, ఎంత టెన్షన్ పడ్డానో!

మరి కంపైలర్ ఇంట్‌నే ఎందుకు ఎంచింది? 2004లో జావా 5తో ఆటోబాక్సింగ్ వచ్చింది, అంటే ఇంట్ లాంటి మామూలు విలువను దానంతట అదే ఇంటీజర్ లాంటి ఆబ్జెక్ట్‌లో చుట్టడం. పాత ప్రోగ్రాముల నడక మారకూడదని ఒక క్రమం పెట్టారు. మొదట ఉన్న టైపుతోనో, దాన్ని పెద్ద టైపుగా (ఇంట్‌ను లాంగ్‌గా) చూసో ప్రయత్నిస్తుంది. కుదరకపోతేనే బాక్సింగ్. అదీ కుదరకపోతే చివరికి, ఎన్ని విలువలైనా తీసుకునే మూడు చుక్కల వేరార్గ్స్.

దీన్ని బట్టీ పట్టకు, చేసి చూడు. షో అనే పేరుతో నాలుగు మెథడ్లు రాయి: ఇంట్, లాంగ్, ఇంటీజర్, ఇంట్ మూడు చుక్కలు. ఒక్కోదానిలో దాని టైపు పేరు ప్రింట్ చేయించు. షోకి 5 ఇస్తే ఇంట్ వస్తుంది. ఆ మెథడ్ కొట్టేసి మళ్లీ రన్ చెయ్యి, లాంగ్ వస్తుంది. ఇలా ఒక్కోటే తీసేస్తూ వెళ్లు. ప్రతిసారీ రన్ కొట్టేముందు జవాబు కాగితం మీద రాసుకో.

నీ సొంత కోడ్‌లో మాత్రం పని ఒకటే అయితేనే ఒకే పేరు పెట్టు. స్థానంతో తీసేయడం, విలువతో తీసేయడం నా దృష్టిలో రెండు వేర్వేరు పనులు, వాటికి రెండు పేర్లుండాల్సింది.

పండక్కి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఓవర్‌రైడింగ్ పక్కన కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ బాబాయ్