చివరి విమానం సంగతి సరే, జీతాలెవరిచ్చినారు?

పాపా,

అమెరికా సైన్యం అఫ్గానిస్తాన్ వదిలిపోవడం మీద నువ్వు రాసి పంపిన కథ చేరింది. ప్రింట్ తీయించుకుని చదివినా, అంత పొడుగు కథ ఫోన్‌లో చదివే కండ్లు కావు నావి. ముందొక మాట, ప్రతి లైనుకీ సార్ సార్ అని రాయొద్దు. మీ నాయన నన్ను మామా అంటాడు, నువ్వు తాతా అంటే చాలు.

కథ చదివితే కోపమొచ్చింది. ఎందుకంటే, బాగ్రామ్‌లో అమెరికావాళ్ళ దండు గేటు బయట సోల్జర్ల బట్టలుతికే ముసలాయన్ని పెట్టినావు కదా, అమెరికావాళ్ళు రాత్రికి రాత్రి కరెంటు తీసేసి పోయినాక తెల్లారి ఆయన బాకీల నోటుబుక్కు తీసుకుని ఎవరెవరు ఎంతివ్వాలో వేలు పెట్టి చూసుకుంటాడు. రెండే రెండు వాక్యాలు. ఆ పేజీ కాడ ఆగిపోయినా. ఈ పిల్లకి దొరికింది రా అనుకున్నా. తీరా పేజీ తిప్పితే ఆయన లేడు, కథంతా వెతికినా మళ్ళీ యాడా రాడు! ఆయన్ని ఆడ్నే వదిలేసి నువ్వు కాబూల్ ఎయిర్‌పోర్టుకి పరిగెత్తినావు. విమానం పట్టుకుని వేలాడేవాళ్ళు, ముళ్ళకంచె మీద నుంచి పసిబిడ్డని అందించడం, చివర్లో ఖాళీ ఆకాశం. ఇవన్నీ 2021 ఆగస్టులో మా ప్రొద్దుటూరు టీ అంగడి కాడ కూడా అందరి ఫోన్లలో తిరిగినాయి పాపా, నువ్వు రాసేదాకా ఎవరూ ఆగలేదు.

నా సర్వీసంతా సబ్ ట్రెజరీల్లో గడిచింది, అది తెలిసే నాకు పంపినావో తెలీక పంపినావో గానీ, నాకున్న పిచ్చి ఒకటే, నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా చెప్తా. పరాయి సైన్యం ఒక దేశంలో కూర్చున్నప్పుడు ఆడ పోలీసోనికి, అయివారికి, లోకల్ సిపాయికి జీతం ఎవరి ఖజానాలోంచి వస్తాందో చూడాల. ఆ ఖజానా మారిన రోజే ఆక్రమణ ముగిసినట్టు. జెండా దించడం, బ్యాండు, ఆఖరి సోల్జర్ ఫోటో, ఇవన్నీ పేపరోళ్ళకి.

ఆ ఫోటో మీద నువ్వు పేజీన్నర రాసినావు, ఆగస్టు 30 రాత్రి మేజర్ జనరల్ డోనహ్యూ పచ్చ వెలుతుర్లో విమానం వైపు నడిచొచ్చే ఫోటో. దానికి ముందే ఇంకోటుంది, తెలుసా? 1989 ఫిబ్రవరి 15న సోవియట్ జనరల్ బోరిస్ గ్రోమోవ్ అఫ్గాన్ సరిహద్దులో అమూ దర్యా నది మీది బ్రిడ్జి దాటి తెర్మెజ్ వైపుకి నడిచిపోయినాడు, కొడుకు పూలు పట్టుకుని ఎదురొచ్చినాడు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే రెండూ ఒకే కథ అనిపిస్తాది. కానీ గ్రోమోవ్ పోయినాక కాబూల్లో సోవియట్ వాళ్ళు నిలబెట్టిన అధ్యక్షుడు నజీబుల్లా మూడేండ్లు నిలబడినాడు. వారాల్లో కూలిపోతాడని అందరూ రాసేసిన మనిషి! ఆ మార్చిలోనే ఆయన మీద తిరగబడిన ముజాహిదీన్లు జలాలాబాద్ మీద పడితే ఆయన సైన్యమే తిప్పికొట్టింది. ఎందుకంటే డబ్బులు, డీజిలు, గోధుమలు, ఆయుధాలు మాస్కో నుంచి వస్తానే ఉన్నాయి. 1991లో అమెరికా, సోవియట్ ఇద్దరూ మాట్లాడుకుని వచ్చే జనవరి 1 నుంచి ఎవరికీ ఆయుధాలు ఇయ్యొద్దనుకున్నారు, ఆ తారీకు వచ్చేలోపు ఆ సోవియట్ దేశమే లేకుండా పోయింది, ఉత్తరాన అంతదాకా నజీబుల్లా తరఫునే ఉన్న దోస్తుమ్ మిలీషియా ఎదురు తిరిగింది, 1992 ఏప్రిల్‌కల్లా నజీబుల్లా పని అయిపోయింది. సోవియట్ సైన్యం పోయింది 1989లో, సోవియట్ ఖజానా పోయింది 1992లో. ఏ తారీకుకి కూలినాడో నువ్వే చూడు.

అదే 2021లో, ఎయిర్‌పోర్టులో అమెరికా సోల్జర్లు ఇంకా ఉండంగానే ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికి పోయింది. అఫ్గాన్ సైన్యం ఖర్చులో పెద్ద భాగం అమెరికాదే. విమానాలు రిపేరు చేసేది అమెరికా పెట్టిన కాంట్రాక్టు మనుషులు, సైన్యంతో పాటు వాళ్ళూ పోయినారు, ఇంక విమానాలుండి ఏం లాభం. చానా చోట్ల పోలీసులకి నెలల తరబడి జీతాలు అందలేదని అప్పుడే వార్తలొచ్చినాయి. మస్టర్‌లో పేర్లుండి మనుషులు లేని దెయ్యం సోల్జర్ల గురించి అమెరికా ఆడిట్ వాళ్ళే ఏండ్ల తరబడి రిపోర్టులు రాసినారు. మస్టర్‌లో దెయ్యాలంటే ఏందో ట్రెజరీ మనిషికి ఒకరు చెప్పాల్నా! ఇరాక్‌లోనూ ఇదే. 2014లో మోసుల్ ఐసిస్ చేతికి పోయినాక కొత్త ప్రధాని అబాదీ పార్లమెంటులో నిలబడి 50,000 మంది సోల్జర్లు కాగితాల మీదే ఉన్నారని చెప్పినాడు. అంతకుముందు 2003లో ఇరాక్‌ని నడపడానికి అమెరికా పెట్టిన పాల్ బ్రెమర్ ఒక్క ఆర్డరుతో ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసి లక్షల మంది ఇండ్లల్లో జీతం ఆపేసినాడు, ఆ తుపాకులు తర్వాత ఎటు తిరిగినాయో లోకానికి తెలుసు. నీ కథలో ఇంత మంది సైనికులున్నారు, ఒక్కడన్నా జీతం గురించి మాట్లాడడే? సోల్జర్లు మాట్లాడుకునేదే అది పాపా!

నీ కథలోని జనరల్ గురించి చెప్పాల. "సరైన సమయం వచ్చినప్పుడే వెళ్ళిపోవాలి" అని వాడితో గంభీరంగా అనిపించినావు, పైగా దాన్ని కథ మొత్తానికి తీర్పులాగా వదిలేసినావు. సరైన సమయం వచ్చిందని చెప్పాల్సింది ఎవరు? ఆడ కూర్చున్నోడే. కూర్చున్నోడు ఎప్పుడైనా టైమైంది లేస్తా అన్నాడా? ఇంకా లోకల్ సైన్యం రెడీ కాలేదు, ఇంకో ఏడాది ఇయ్యండి, అని ఫైల్లో నోట్ రాస్తాడు, మళ్ళీ ఏడాదికి వేరే ఆఫీసరొచ్చి అదే నోట్ రాస్తాడు. ఆ నోట్ రాసేవాణ్ణి పెట్టు కథలో. లేదంటే తారీకు ముందే ఖాయం చేసుకుంటారు, అప్పుడు ఇంకో తంటా. 2020 ఫిబ్రవరి 29న దోహాలో సంతకాలు చేసింది అమెరికా, తాలిబాన్. ఎవరి దేశం నుంచి సైన్యం పోతాందో ఆ కాబూల్ ప్రభుత్వం ఆ బల్ల కాడే లేదు, కానీ 5,000 మంది తాలిబాన్ ఖైదీల్ని వదలాల్సింది మాత్రం కాబూలే. తారీకు తెలిసినాక జిల్లాల్లో ఉండే సిపాయి ఏమనుకుంటాడు, ఆ తారీకు తర్వాత నా జీతం ఎవరిస్తారు అనుకుంటాడు, అంతే, సగం యుద్ధం ఆడ్నే అయిపోయింది.

"అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు సైన్యం వెళ్ళిపోయింది" అని రాసినావే, అది చదివి నవ్వొచ్చింది. అద్దె ఎవరు ఎవరికి కట్టినారు తల్లీ? మన సీమలో పుట్టినదానివి నువ్వు రాయాల్సిన మాటేనా అది? 1800లో నిజాం ఈ జిల్లాల్ని ఇంగ్లీషోళ్ళకి ఎందుకిచ్చినాడు, స్కూల్లో దత్త మండలాలు అని ఒక మార్కు బిట్ రాసి మర్చిపోయినారు అందరూ. నిజాం తన రక్షణకని కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు, ఆ సైన్యం ఖర్చు తీర్చడానికి టిప్పు మీద గెలిచిన వాటాగా వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప సీమని రాసిచ్చేసినాడు. పరాయి సిపాయిల జీతానికి మనల్ని జమ కట్టినారు. సరే, భూమి ఇచ్చేసినాడు కదా, సైన్యం పోయిందా? పోలేదు, సికింద్రాబాద్‌లో దండు పెరిగింది. 1853లో హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో దండు ఖర్చు బాకీ కింద నిజాం చేతిలోని బేరార్ సీమ కూడా పోయింది. ఆక్రమణ ఎట్ల మొదలవుతాదో, ఎందుకు ముగియదో, మన జిల్లాల చరిత్రలో మొదటి పేజీలోనే ఉంటే నువ్వు కాబూల్ దాకా పోయి ఆకాశం చూసొచ్చినావు. కాబూల్ పోవద్దని కాదు, పో, కానీ ఈడ్నుంచి పో.

కానీ ఈడ్నుంచి రాస్తే వేసుకుంటారా అనే ప్రశ్న వేరే. సీమోడు అంటే కరువు రాయాల, లేదంటే బాంబులు రాయాల, ఇంకేం రాసినా పట్నంలో ఎడిటర్లకి గొంతు దిగదు. నేను అనుభవించినా. 1990 తర్వాత మా ఆఫీసుకి మిలిటరీ పెన్షన్ పనికి వచ్చేవాళ్ళలో శ్రీలంకలో మన శాంతిసేనలో చేసొచ్చిన జవాను ఒకాయన ఉండేవాడు. బిల్లు పాసయ్యేదాకా బెంచీ మీద కూర్చుని చెప్పేవాడు, నేను వినేవాణ్ణి. తమిళుల్ని కాపాడ్డానికని పోయి అక్టోబరుకల్లా జాఫ్నాలో వాళ్ళ ఎల్టీటీఈ పులులతోనే కొట్లాడినాం, ఎవరి కోసం వచ్చినామో తెలీకుండా పోయింది అనేవాడు. 1987 జులై 29న రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం, మర్నాడే కొలంబోలో గౌరవ వందనంలో ఒక సైలర్ తుపాకీ మడమతో రాజీవ్‌ని కొట్టినాడు, అది మొదలు. సుమారు 1,200 మంది మనోళ్ళు పోయినారు. తర్వాత శ్రీలంక అధ్యక్షుడిగా వచ్చిన ప్రేమదాస 1989 జూన్‌లో, జులై చివరికల్లా మీరు పోవాల్సిందే అన్నాడు. ఢిల్లీ మెల్లగా అంది. ఆ ఏడాది ఎలక్షన్లలో రాజీవ్ ఓడిపోయి వీపీ సింగ్ వచ్చి పిలిపించేసినాడు, 1990 మార్చి 24న ట్రింకోమలి నుంచి ఆఖరి ఓడ. మద్రాసులో దిగితే స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. ఆ జవాను ఈ మాట చెప్పేటప్పుడు కోపంగా కూడా చెప్పడు, అడ్రసు చెప్పినట్టు చెప్తాడు. మనోళ్ళు ఆడ నిలబెట్టిన ఈశాన్య ప్రాంత ప్రభుత్వం, దాని ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్, ఆయనకని తయారుచేసిన కుర్రాళ్ళ సైన్యం, మనం కదలంగానే అన్నీ చెదిరిపోయినాయి, పెరుమాళ్ ఇండియాకి వచ్చేసినాడు, ఆ కుర్రాళ్ళు యాడికి పోవాల? జూన్‌కల్లా మళ్ళీ యుద్ధం.

దాన్ని కథగా రాసినా. ఆ కుర్రాళ్ళకి మొదటి నెల జీతం ఎవరి చేత్తో ఇచ్చినారు, ఆఖరి నెలది ఎవరు ఎగ్గొట్టినారు అనేదే నా కథ. ఒక వారపత్రిక ఎడిటర్ గారు జీతాల భాగం మొత్తం కోసేసి, జవాను భార్య రైల్వే స్టేషన్లో ఏడ్చే సీను కలిపి రాయమన్నాడు, కథలో లెక్కలుంటే పాఠకులు పారిపోతారంట. నేను రాయనన్నా. వాళ్ళు వేయలేదు. తర్వాత ఇంకో పత్రిక ప్రపంచశాంతి ప్రత్యేక సంచికకి అడిగి తీసుకుని, సంచికే ఆపేసి, కథ ప్రతి కూడా తిరిగి పంపలేదు, అప్పట్లో జెరాక్స్ తీసుకునేంత తెలివి ఉన్నా దుడ్లు ఉండేవి కావు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, గ్లోబల్ కథ అంట, పాత్రలకి అరబ్బు పేర్లు పెట్టి మాటలు మాత్రం హైదరాబాద్ కాఫీ షాపులో మాట్లాడినట్టు రాసేది, చివర ఓపెన్ ఎండింగ్. నీ ఖాళీ ఆకాశం ఆ ఫ్యాషన్ చేసిన పనే, నీ తప్పు కూడా కాదు.

నువ్వు అడుగుతావు, మరి బాగా ముగిసిన ఆక్రమణే లేదా తాతా అని. ఢాకా చూడు. దాన్ని ఆక్రమణ అంటే మనోళ్ళకి రోషం వస్తాది, కానీ పరాయి సైన్యం పరాయే కదా. 1971 డిసెంబర్ 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 1972 మార్చి 12న ఢాకా స్టేడియంలో మన సైన్యం వీడ్కోలు కవాతు. మూడు నెలలు! ఎట్ల కుదిరింది? 1970 ఎలక్షన్లో తూర్పు పాకిస్తాన్‌లో 162 సీట్లకి 160 గెలిచిన పార్టీ నాయకుడు ముజీబుర్ రహ్మాన్ జైలు నుంచి బతికి వచ్చినాడు. ఎవరికి అప్పజెప్పాల అనే ప్రశ్నే లేదు, జనం ముందే చెప్పేసినారు. ముజీబే ఇందిరాగాంధీని మీవాళ్ళు ఎప్పుడు పోతారని అడిగినాడంటారు, అడిగేంత బలం ఆ ఓట్లలో ఉండింది. జర్మనీ జపాన్ జోలికి నేను పోను, ఆడ సైన్యం పోయిందని ఎవరన్నారు.

ఇంకోటి. కాబూల్ వదిలినాక కూడా అఫ్గాన్ సెంట్రల్ బ్యాంకు డబ్బు దాదాపు 700 కోట్ల డాలర్లు న్యూయార్క్‌లోనే ఆపేసినారు. ఆడ టీచర్లు జీతాల్లేక ఇంట్లో సామాన్లు బజారుకి తెచ్చి అమ్ముకున్నారు. నీ కథ ఆగస్టు 30న అయిపోతాది, నా లెక్క ప్రకారం నీ కథ సెప్టెంబరు 1న, జీతాల రోజు మొదలవ్వాల. ఆ పాతిక పేజీల ఎయిర్‌పోర్టు తీసేయ్, నొప్పి పుడితే దాచుకో, నాకు మాత్రం పంపొద్దు.

నవల రాయొచ్చా, సొంతంగా అచ్చేసుకోవచ్చా, కలం పేరు పెట్టుకోవాల్నా అని అడిగినావు. అవన్నీ మాట్లాడుకోవడానికి ఇంకా టైముంది. కడపకి వచ్చినప్పుడు బ్రౌన్ లైబ్రరీలో పాత జిల్లా పుస్తకాలు అడిగి చూడు, దత్త మండలాల కలెక్టర్ మన్రో కాలం సంగతులు తెలుస్తాయి. మధ్యాహ్నం పూట పో, పొద్దున్నే సర్వీస్ పరీక్షల పిల్లలు కుర్చీలన్నీ పట్టేస్తారు.

ఇంకో విషయం, ఈ కథ పంపుతానన్న పోటీకి గడువు ఎప్పుడో నువ్వు రాయలేదు. ఎప్పుడైనా సరే, ఈ రూపంలో మాత్రం పంపొద్దు. మీ నాయన్ని అడిగినానని చెప్పు.

మీ తాత