వెన్నులో వేసేది టైటానియమా, కార్బనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. ఆరేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనైంది. రెండు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, రాత్రిళ్లు మరీనూ. ఎమ్మారైలో ఎనిమిదో ఛాతీ వెన్నుపూసలో గడ్డ ఉందనీ, వెన్నుపామును నొక్కుతోందనీ తేలింది. గడ్డ తీసి, స్క్రూలూ రాడ్లూ వేసి, తర్వాత కరెంటు (రేడియేషన్) పెడతామన్నారు. టైటానియం బదులు కార్బన్ ఫైబర్‌వి వేయించుకుంటే మేలట, ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. మా మావయ్యేమో "కార్బనంటే సైకిళ్లు చేసేది కదరా, ఆగుతుందా?" అంటున్నాడు. టైటానియం వేస్తే ఇక ఎమ్మారై తీయరా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఆగుతుందని మీ మావయ్యకు చెప్పండి. అది ఒట్టి కార్బన్ కాదు. పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌లో కార్బన్ పోగులు కలిపి చేస్తారు. అమ్మ వెన్ను నిలబెట్టడానికి రెండూ సరిపోతాయి. అదనంగా కట్టే డబ్బు గట్టిదనానికి కాదు, ఆపరేషన్ తర్వాత లోపల ఏముందో కనబడడానికి.

టైటానియం అయస్కాంతానికి అతుక్కోదు, కాబట్టి ఎమ్మారై తీయవచ్చు. కానీ స్క్రూల చుట్టూ నల్లటి నీడ పడి బొమ్మ వంకర పోతుంది. గడ్డ తిరిగి వస్తే ముందు వెతకాల్సింది సరిగ్గా అక్కడే. అలాంటి ఫిల్ములు దీపప్పెట్టె మీద పెట్టుకుని, నేనూ మా రేడియేషన్ డాక్టరూ ఇది గడ్డా, నీడా అని గంటలు గంటలు వాదించుకున్నాం. ఆ గదిలోనే నాకు కార్బన్ మీద మనసు మళ్లింది.

కరెంటు పెట్టేటప్పుడూ ఇదే గొడవ. టైటానియం పరమాణు సంఖ్య 22, కార్బన్‌ది 6. లోహానికి తగిలిన కిరణాలు కొంత చెదురుతాయి, కొంత అడ్డుపడతాయి. లెక్కలు వేసే ఫిజిసిస్టు సీటీ బొమ్మలో లోహం వల్ల పడే చారలను చేత్తో దిద్దుకుంటూ కూర్చోవాలి. ఇప్పుడు చాలాచోట్ల గడ్డ మొత్తం తీయం. వెన్నుపాముకూ గడ్డకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చేసి, మిగిలినదాన్ని గురిపెట్టి పెద్ద డోసుతో కొట్టే రేడియేషన్‌కు వదిలేస్తాం. అంత సన్నని సందులో లెక్క తప్పకూడదు. ప్రోటాన్ అనే కణాలతో చేసే రేడియేషన్‌లో (చెన్నైలో 2019 నుంచి ఉంది) లోహం ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఆ కిరణం ఎక్కడ ఆగుతుందనేది దారిలో ఏం తగిలిందన్న దాన్ని బట్టే ఉంటుంది మరి.

కార్బన్‌తో మాకూ తిప్పలున్నాయి. టైటానియం రాడ్‌ను థియేటర్‌లోనే వెన్ను వంపుకు తగ్గట్టు వంచుకుంటాం. కార్బన్ రాడ్ వంగదు, ముందే వంచి చేసినవాటిలోంచి ఎంచుకోవాలి. మొదటిసారి అలవాటు కొద్దీ నా చెయ్యి బెండర్ మీదికి వెళ్లింది. "సార్, ఇది వంచకూడదు" అని సిస్టర్ ఆపింది! థియేటర్‌లో చూసుకునే ఎక్స్‌రే యంత్రం, సి-ఆర్మ్‌లోనూ స్క్రూ సరిగా కనిపించదు. పైన పూసిన టైటానియం పొర వల్ల సుద్దముక్కతో గీసినట్టు సన్నటి అంచు కనబడుతుంది, అంతే. పొడవాటి, వంకర ఎక్కువున్న వెన్నుకైతే నేను ఇప్పటికీ టైటానియమే వేస్తాను.

మీరు ముందుగా అడగాల్సింది సర్జన్‌ను కాదు, రేడియేషన్ డాక్టర్‌ను: "గురిపెట్టి పెద్ద డోసు ఇస్తారా, మామూలు కరెంటేనా?" పెద్ద డోసైతే కార్బన్‌కు నా ఓటు. అమ్మది రొమ్ము క్యాన్సర్, మందులు పనిచేస్తే ఏళ్ల తరబడి స్కాన్లు తీయించాల్సి వస్తుంది, అదీ ఒక కారణం. అయినా పొలం అమ్మి వేయించమని మాత్రం చెప్పను. ఇలా వెన్నుపాము నొక్కుకుపోయిన 101 మంది మీద చేసిన పరిశోధన ఒకటి 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కరెంటు ఒక్కటే పెట్టినవాళ్లలో 57 శాతం మంది నడవగలిగితే, ఆపరేషన్ చేసి కరెంటు పెట్టినవాళ్లలో 84 శాతం మంది నడిచారు. వాళ్లకు వేసినవి కార్బన్ రాడ్లు కావు.

ఇంకొకటి. కార్బన్ సెట్ తెప్పించడానికి రోజులు పడతాయంటే జాగ్రత్త. అమ్మకు కాళ్లు తిమ్మిరెక్కినా, నడక తడబడినా, మూత్రం రాక ఆగిపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు ఏది చేతికందితే అదే వేస్తారు, వేయాలి కూడా.

ప్రశ్న: నాకు రెండేళ్ల కిందటే టైటానియం వేశారు. తీయించి కార్బన్ వేయించుకోనా?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: వద్దమ్మా. బాగా అతుక్కున్న స్క్రూలను కదిలించడం పెద్ద పని, పైగా కరెంటు పెట్టిన చోట గాయం త్వరగా మానదు. ఈసారి ఎమ్మారైకి వెళ్లేముందు చీటీ మీద "వెన్నులో టైటానియం స్క్రూలున్నాయి" అని రాయించుకోండి. నీడ తగ్గించి తీసే పద్ధతి వాళ్ల దగ్గర ఉంటుంది. పాత సీడీలు కూడా వెంట పట్టుకెళ్లండి.